బెప్పీ నీళ్లలోంచి బయటికొచ్చింది

రైండర్ సామానుతో పాటు ఒక పాము కూడా వస్తుందని యెట్స్కెకి ముందే తెలుసు. యాభై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ ఒక మనిషితో కాపురానికి ఒప్పుకున్న ఆమె, పాము దగ్గర మాత్రం గీత గీసింది. అది వెనక గదిలోనే ఉండాలి, తను దాన్ని ముట్టుకోదు. రైండర్ మారు మాట్లాడకుండా సరేనన్నాడు. అది చిన్న జాతి కొండచిలువ. పేరు బెప్పీ. పోయిన మేనత్త పేరు పెట్టుకున్నాడు. భోజనమయ్యాక ఆవిడ కూడా అలాగే చుట్టుకుని కదలకుండా పడుకునేదట.

రైండర్ సముద్రంలో ఇసుక తోడే ఓడ మీద ఇంజను చూస్తాడు. వెళితే వారాల తరబడి ఇంటికి రాడు. అతను లేనప్పుడు బెప్పీకి నీళ్లు మార్చడం, గాజుపెట్టెలో వేడి ఎంతుందో చూడడం యెట్స్కె పని. పొయ్యి మీంచి గిన్నెలు దించే మందపాటి తొడుగులు వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని ఆ పని కానిచ్చేది.

ఆ శరదృతువులో రైండర్ ఓడెక్కిన కొన్నాళ్లకి బెప్పీ నీళ్ల గిన్నెలో చేరింది. తల ఒక్కటే అంచు మీద ఆనించి, మిగతా ఒళ్లంతా ముంచేసి పడుకుంది. వేడెక్కువైందేమోనని యెట్స్కె చూసింది. వేడి ఎప్పటిలాగే ఉంది. మర్నాడు అక్కడే. ఆ మర్నాడూ అక్కడే.

పక్కింటి ట్రూస్ కాఫీకి వచ్చి గది గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమే, మీ పిల్లకి ఇంకా తలంటు అవలేదా?"

"నాకేం తెలుసే. నీళ్లు మార్చిన ప్రతిసారీ మళ్లీ వెళ్లి అందులోనే కూర్చుంటోంది."

"హాయిగా ఉందేమోలే. నాకూ ఎవరైనా రోజూ నీళ్లు తోడితే నేనూ లేవను."

యెట్స్కె నవ్వింది గానీ, నీళ్లు పారబోయబోతూ ఆగింది. గిన్నె అడుగున నల్లటి నలుసులున్నాయి, అచ్చం గసగసాల్లా. ఆమె బేకరీలో పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే గసగసాలు చల్లిన బన్నులు అమ్ముతుంది కాబట్టి మొదట తన చేతి నుంచే రాలాయనుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. అందులో ఒకటి గిన్నె అంచు మీద నడిచి వెళుతోంది.

ఆ సాయంత్రం ఓడకి ఫోను కలిసింది.

"నల్లగానా? నడుస్తున్నాయా?" అన్నాడు రైండర్. ఇంజను హోరు మీదుగా గొంతు పెంచాడు. "పేలు. పాములకి పట్టేవి. పెట్టెలో వేసిన ఆ చెట్టు బెరడుతో వచ్చుంటాయి, మొన్న పాముల సంతలో కొన్నాను చూడు."

"కడిగే పెట్టావా?"

"దులిపాను."

"దులిపావా. మహానుభావుడివి."

"నువ్వేం కంగారు పడకు. పాములు పెంచే మా వాళ్లనెవరినైనా పంపిస్తాను."

"మీవాళ్లు వచ్చేదాకా ఆ పేలని దాని రక్తం తాగనిస్తానా? నువ్వు నీ ఇసుక తోడుకో."

ఎలా పట్టుకెళ్లాలో మాత్రం అడిగింది. మర్నాడు పూల దిండు గలీబులోకి బెప్పీని జారవిడిచి, గలీబు మూతి కట్టి, దాన్ని డబ్బాలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ బెప్పీ కంటి చుట్టూ, గడ్డం కిందా దీపం వేసి చూసింది.

"నీళ్లంటే ఇష్టమై కూర్చోలేదండీ. పేలు కుట్టడం భరించలేక కూర్చుంది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి, తల మునగకుండా దగ్గరుండి చూసుకోండి. పెట్టె ఖాళీ చేసి వేడినీళ్లతో కడగండి. మందు నేను రాసిచ్చినట్టే వాడాలి. పేల గుడ్లలోంచి మళ్లీ పిల్లలొస్తాయి, ఒక్కసారితో అయిపోయిందనుకోకండి. ఇంట్లో ఎవరు చేస్తారు ఇదంతా?"

"నేనే," అంది యెట్స్కె. ఆ మాట తనే అన్నందుకు దారి పొడవునా ఆశ్చర్యపోతూ వచ్చింది.

స్నానానికి తొడుగులు పనికిరావని మొదటి నిమిషంలోనే తేలిపోయింది. బెప్పీ జారిపోతోంది. ట్రూస్ ముక్కాలిపీట మీద కూర్చుని టార్చి పట్టుకుంది.

"తీసెయ్యవే ఆ తొడుగులు. రొట్టెలు కాలుస్తున్నావా?"

యెట్స్కె తీసేసింది. వట్టి చేతులతో పట్టుకుంది. జిగటగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకుంది. జిగట లేదు. నున్నగా, బిగుతుగా, బరువుగా ఉంది. బెప్పీ ఆమె మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని తల అరచేతిలో పెట్టింది. నల్లటి చుక్కలు ఒక్కొక్కటే నీటి మీద తేలడం మొదలైంది.

"భయమేస్తోందా?" ట్రూస్ గొంతు తగ్గించి అడిగింది.

"నాకు కాదు. దీనికి వేస్తోంది. చూడు ఎలా పట్టుకుందో."

బెరడుని సంచిలో వేసి బిగించి చెత్తలో పారేసింది. వెనక గది కడిగి ఆరబెట్టేదాకా బెప్పీకి మూతకి చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టె, వంటింట్లో వెచ్చటి మూల చోటు. అడుగున తెల్ల కాగితం పరిచింది, ఒక్క పురుగు రాలినా కనపడాలని. నీళ్లగిన్నె, దాక్కోడానికి ఒక గూడు కూడా లోపల పెట్టింది. రోజూ బేకరీ నుంచి రాగానే కోటు విప్పకుండా ముందు ఆ కాగితం చూసేది. మొదట్లో చుక్కలు చాలా ఉండేవి. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం మందు రెండోసారి పట్టించాక వాటిని వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత వెతికినా దొరకలేదు. ఒక మధ్యాహ్నం బంగాళాదుంపల చెక్కు తీస్తూ చూస్తే నీళ్లగిన్నె ఖాళీగా ఉంది. బెప్పీ పొడిగా, గుండ్రంగా, గూట్లో ముడుచుకుని ఉంది. యెట్స్కె కత్తి పక్కన పెట్టి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ట్రూస్‌కి ఫోను చేసింది.

"బయటికొచ్చింది."

"ఎవరే?"

"మా పిల్ల."

రైండర్ శనివారం వచ్చాడు. సంచి దించి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టబోయాడు.

"ముందు చేతులు కడుక్కో. డీజిలు కంపు కొడుతున్నావు," అంది యెట్స్కె, పొయ్యి మీద బఠాణీ సూపు కలుపుతూ.

అతను బుద్ధిగా కడుక్కుని వచ్చాడు. బెప్పీని ఎత్తి, కళ్ల చుట్టూ, గడ్డం కిందా, తోకదాకా వెతికాడు. ఏమీ కనపడలేదు. దాన్ని మళ్లీ పెట్టెలో దించాడు. ఆమె భుజం మీద గడ్డం ఆనించాడు.

"పేలు పట్టినప్పటి నుంచి ఇది ఏమీ తినలేదు. ఇవాళ పెట్టి చూద్దామా?" అంది ఆమె.

ఫ్రీజరులోంచి తీసి, మంచు కరిగించి వెచ్చబెట్టిన చచ్చిన ఎలుకని రైండర్ చిమటాతో లోపల పెట్టాడు. ఇద్దరూ వంటింటి నేల మీద పక్కపక్కన కూర్చున్నారు. బెప్పీ తల ఎత్తింది, నాలుక ఆడించింది, చటుక్కున అందుకుంది. యెట్స్కె అతని మోకాలు గట్టిగా పట్టుకుంది. పొయ్యి మీద సూపు అడుగంటుతున్న వాసన వచ్చింది గానీ, ఎలుక తోక లోపలికి పోయేదాకా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.