టీచరమ్మ పేజీ

కంప్యూటర్ టీచరమ్మకు పాఠమంటే ప్రాణం. ఆ రోజు తొమ్మిదో తరగతికి చెప్పాల్సింది, ఎదుటి మనిషి ఫొటోలూ వీడియోలూ అడక్కుండా నెట్‌లో పెట్టకూడదని. ఊరికే చెబితే పిల్లలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. పోనీ ఎవరి పేజీ అయినా తెరిచి చూపిద్దామంటే, ఏ పిల్ల గుట్టు బయటపడుతుందోనని భయం.

"నా పేజీయే వెతకండర్రా. నా గురించి ఎంత తెలుస్తుందో చూద్దాం" అంది.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తల్లి పేజీలో తల్లొక్కతే ఉంటుందా? మూడో బెంచీలో సొంత కూతురు కూర్చునుందన్న సంగతే ఆవిడకు తట్టలేదు, పాపం.

పిల్లలకు దొరికిందే చాలు. పాత జడలూ, కొత్త కుక్కరూ చూసి ఒకటే నవ్వులు. ఇంతలో ఎవరో ఒక వీడియో నొక్కారు, అది గోడమీది పెద్ద తెరమీద పడింది. ఆస్పత్రి వరండాలో ఐదేళ్ళ పిల్ల, "నాన్న ఎందుకు లేవట్లేదు?" అంటూ గుక్కపట్టి ఏడుస్తోంది. కింద బారెడు ఓదార్పులు.

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ మూడో బెంచీవైపు తిరిగాయి. టీచరమ్మకు కంగారులో ఆపే మీట దొరకలేదు. కూతురు చివరిదాకా చూసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుందే గానీ, ముద్ద ముట్టలేదు.

"తీసేశానే తల్లీ" అంది టీచరమ్మ. "అప్పుడు నాకు మతి లేదు. నలుగురూ ఓదారుస్తారని పెట్టాను."

"ఓదార్చారా?"

"ఆఁ."

కూతురు కంచం పక్కకు జరిపి అడిగింది. "అందులో నేనొక్కదాన్నే ఉన్నానమ్మా. నీ చేతిలో ఫోనుంది. మరి నన్నెవరు ఎత్తుకున్నారు?"

దెప్పుతూ అడిగినా బాగుండేది. పిచ్చిపిల్ల, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

టీచరమ్మ ఎంత తలుచుకున్నా లాభం లేకపోయింది. ఆ రోజు ఎవరెవరు ఏమేం రాశారో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇదొక్కటే గుర్తు రాలేదు.