దుప్పటి అవతలి కొస

అక్కాచెల్లెళ్లిద్దరూ పనిచేసేది ఒకే లాండ్రీలో. లాండ్రీ అంటే వీధి మూల ఇస్త్రీ కొట్టు కాదు, హోటళ్ల దుప్పట్లు బండ్లకొద్దీ వచ్చి పడే పెద్ద షెడ్డు. అందులో రోలర్ దగ్గర పని ఇద్దరి పని. తడి దుప్పటికి చెరో కొస పట్టుకుని, ముడత లేకుండా లాగి, పొగలు కక్కే ఉక్కు రోలర్ల మధ్యకి ఒకేసారి అందించాలి. ఒకరి చెయ్యి కాస్త ముందుపడినా దుప్పటి వంకరపోతుంది. వీళ్లిద్దరూ అందించిన దుప్పటి వంకరపోగా చూసినవాళ్లు షెడ్డులో లేరు.

చెల్లికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. పెద్దది వస్తే నేలమీద పడి కొట్టుకునేది. చిన్నది వస్తే కళ్లు తెరుచుకునే ఉండి, కాసేపు ఈ లోకంలో లేకుండా పోయేది. ఆ చిన్నది వచ్చే ముందు ఎడమ చేతి బొటనవేలు చూపుడువేలిని రుద్దడం మొదలుపెడుతుంది. ఆ సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. చెల్లికి అసలే తెలీదు. తేరుకున్నాక బిక్కమొహం వేసుకుని "అక్కా, వచ్చిందా?" అని అడిగేది, అంతే. ఒకరోజు షెడ్డులో అందరి ముందూ పడిపోతే మేనేజరు ఆమెని రోలర్ దగ్గర నుంచి తీసేసి, మూల కూర్చుని దిండు గలీబులు మడతపెట్టమన్నాడు. అక్కాచెల్లెళ్లు ఆయన్ని నోరారా తిట్టుకున్నారు గాని, పాపం ఆయన చేసింది సరైన పనే.

మందులు పనిచెయ్యలేదు. మార్చి మార్చి ఇచ్చారు, కలిపి ఇచ్చారు. మత్తు వచ్చింది, చిగుళ్లు వాచాయి, మూర్ఛ మాత్రం తన దారిన తను వస్తూనే ఉంది. ఆపరేషన్ చేద్దామంటే, అది పుట్టే చోటు ఎడమ చేతిని ఆడించే చోటుకి ఆనుకుని ఉందట. కోస్తే చెయ్యి చచ్చుబడిపోవచ్చన్నారు. చెయ్యి లేని బతుకెందుకని చెల్లి వద్దంది. అప్పుడు డాక్టరమ్మ, కోతా కుట్టూ లేకుండా తల పైనుంచే సన్నగా కరెంటు పంపే పద్ధతి ఉందనీ, తగ్గుతుందని మాటివ్వలేననీ, ప్రయత్నిద్దామనీ చెప్పింది.

ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు నెత్తిమీద పెట్టి, రబ్బరు పట్టీ బిగించి, అరచేతిలో పట్టేంత పెట్టె మీద మీట నొక్కారు. చీమలు పాకుతున్నట్టుందంది చెల్లి. కాసేపయ్యాక, "నా బుర్రకి ఇస్త్రీ చేస్తున్నారక్కా, ముడతలు పోతున్నాయేమో చూడు" అని నవ్వింది. ఆమె అంతకుముందు ఎప్పుడు నవ్విందో అక్కకి ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

బయటికొచ్చాక డాక్టరమ్మ అక్కని పక్కకి పిలిచింది.

"చిన్నవి వస్తే తనకి తెలీదు. చూసేది మీరే. చూసింది చూసినట్టు చెప్తేనే స్పాంజి ఎక్కడ పెట్టాలో, కరెంటు ఎంత పంపాలో నాకు తెలిసేది."

అక్క తలూపింది. తలూపడానికేం పోయింది.

అలా కొన్ని వారాలు కరెంటు పెట్టించుకున్నాక పెద్దవి ఆగిపోయాయి. నిజంగానే ఆగిపోయాయి. చెల్లి ఒంటరిగా స్నానానికి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో వినపడని ఆ గడియ చప్పుడుకి అక్క వంటగదిలో నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆ వారమే, ఉల్లిపాయలు తరుగుతున్న చెల్లి ఎడమ బొటనవేలు కదిలింది. చూపు ఎక్కడో నిలిచిపోయింది. కాసేపటికి తేరుకుని కత్తి వంకా, అక్క వంకా చూసింది.

"అక్కా, వచ్చిందా?"

ఆ మొహంలో ఆశ చూస్తుంటే అక్కకి నిజం చెప్పబుద్ధి కాలేదు. నోటికి వచ్చిన మాట, "లేదే, ఏదో ఆలోచనలో పడ్డావ్."

అది ప్రేమే, కాదనను. కాని ప్రేమకి కూడా బుద్ధి ఉండాలి. మొదటి "లేదే" చెప్పడానికే కష్టపడింది. తర్వాతవి నాలుక చివరే తయారుగా ఉండేవి. అవి ఇంట్లోనే ఉన్నా బాగుండేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగినప్పుడు చెల్లి పక్క కుర్చీలోనే కూర్చుని అక్క నోటి వంకే చూస్తోంది. ఏమీ రాలేదండీ అంది అక్క. అయితే స్పాంజి ఉన్నచోటే ఉంచుదామంది డాక్టరమ్మ సంతోషంగా.

చెల్లి మళ్లీ రోలర్ దగ్గరికి వెళ్తానంది. డాక్టరమ్మ చాలాకాలం ఒప్పుకోలేదు. వెళ్లిన ప్రతిసారీ అక్కని గుచ్చి గుచ్చి అడిగింది. ప్రతిసారీ అదే జవాబు. చివరికి, "ఇన్ని నెలలుగా ఏమీ లేదంటున్నారు కాబట్టి సరేనంటున్నాను. మీరు దగ్గరుంటారా?" అంది.

"అవతలి కొస పట్టుకునేది నేనేనండి."

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అక్క లెక్క వేరుగా ఉంది. బొటనవేలు కదలడం నాకు తెలుసు, మిషను ఆపే ఎర్ర బటన్ నా పక్కనే ఉంది, కళ్లలో వత్తులేసుకుని చూసుకుంటాను, నన్ను దాటి ఏం జరుగుతుంది అనుకుంది.

దుప్పటి కొస ఎలా పట్టుకుంటారో ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అంచుని బొటనవేలి మీదుగా మడిచి పట్టుకుంటారు. వేలు గుడ్డ కింద ఉంటుంది. ఇన్నేళ్లు ఆ పనే చేసిన మనిషికి ఆ ఒక్క సంగతీ తట్టలేదు.

ఆ రోజు అక్క నిజంగానే రెప్ప వాల్చలేదు. చెల్లి చేతుల్నే చూస్తోంది. తెల్లటి గుడ్డ తప్ప ఏమీ కనపడలేదు. దుప్పటి వంకరపోయింది. అక్కకి ముందు చిరాకే వేసింది, చెయ్యి సరిగ్గా పట్టవేం అనబోయింది. అప్పటికే చెల్లి ఎడమ చెయ్యి దుప్పటిని వదలకుండా, దానితోపాటే రోలర్ల మధ్యకి పోతోంది. అక్క బటన్ మీద పడింది. మిషను ఆగింది, కాని ఆగవలసినప్పుడు ఆగలేదు.

కత్తి పెడితే పోతుందేమోనని భయపడి కాపాడుకున్న చెయ్యి అది. మణికట్టు దాకా తీసేశారు.

ఇదే మొదటిదా అని డాక్టరమ్మ అడిగితే అక్క అంతా చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. పెద్దవి ఆగాయంటే వైద్యం సగం పనిచేసినట్టేననీ, చిన్నవి మిగిలాయని తెలిసుంటే స్పాంజి చోటు మార్చి చూసేదాన్ననీ మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

చెల్లికి మెలకువ వచ్చింది. కట్టు వంక చూడకుండా అక్క వంకే చూసింది.

"అక్కా, వచ్చిందా?"

"వచ్చింది."

"మొదటిసారా?"

అక్క మంచం కమ్మీ పట్టుకుంది. "కాదు. వస్తూనే ఉన్నాయి."

చెల్లి అర్థమైందన్నట్టు తలాడించి కళ్లు మూసుకుంది.

మర్నాడు అక్క చెంచాతో గంజి తాగిస్తుంటే చెల్లి చూపు మళ్లీ ఎక్కడో నిలిచిపోయింది. ఈసారి కదలడానికి బొటనవేలు లేదు. కాసేపటికి తేరుకుని, ఎదురుగా చెంచా పట్టుకున్న అక్కని దాటి, పక్క మంచం మీదున్న ముక్కూ మొహం తెలియని ముసలావిడ వైపు తల తిప్పింది.

"అమ్మా, నాకిప్పుడేమైనా వచ్చిందా?"