చెంచాతో నా పోటీ

నేను ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, కవరులో నిద్రపోతూ కాకినాడలోని ఒక ఆసుపత్రికి చేరాను. అక్కడ ఏసుమణి సిస్టరు నన్ను చక్రధర్ అనే రోగి ముక్కులోంచి, గొంతు మీదుగా పొట్టలోకి దించింది. ప్లాస్టరు అతికిస్తూ "కదలకే తల్లీ" అంది. నాతోనే!

చక్రధర్‌కి పెళ్ళయ్యాక ఇంకా ఆషాఢమైనా రాలేదు. మొదట జ్వరం. అది తగ్గాక నడక తూలింది, చూపు రెండుగా చీలింది. "ఇద్దరుగా కనిపిస్తున్నావు హిమజా" అన్నాడట. "ఆ రెండోదానిక్కూడా నా పట్టుచీరేనా?" అని కొత్త పెళ్ళాం మూతి ముడిచిందట. తర్వాత మగత కమ్మింది. కాళ్ళూ చేతులూ, చివరికి గొంతూ పట్టు తప్పాయి. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే పొరపాటున మెదడు కాండం మీదా, నరాల మీదా పడిందన్నారు డాక్టరుగారు. చాలా అరుదైన జబ్బట. చాలామంది కోలుకుంటారు గానీ మింగుడు ఎప్పటికొస్తుందో చెప్పలేమన్నారు.

మందులకు మగత విడింది, మాట ముద్దగా వచ్చింది. మింగుడు మాత్రం రాలేదు. కనుక అతని భోజనమంతా నా చేతిమీదుగానే. హిమజ రాగిజావ వడగట్టి, "ఇప్పుడు జావండీ" అని చెప్పి మరీ నాలో పోసేది. నాకెంత గర్వమో! ఆమె చూపు మాత్రం క్యారియరు పక్కనున్న స్టీలు చెంచా మీదే. పనీపాటా లేకుండా మెరుస్తూ కూర్చున్న దాన్ని చూస్తే నా ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆమె ఎవరికీ చెప్పకుండా చారు తెచ్చింది. "పల్చగా ఉందండీ, జారిపోద్ది." ఒక్క చెంచాకే అతనికి ఊపిరాడనంత దగ్గు. సిస్టరు పరుగెత్తుకొచ్చింది.

"పల్చందే ప్రమాదమమ్మా! ఊపిరితిత్తుల్లోకి పోద్ది. చిక్కటిదైతేనే గొంతుకి అందుద్ది."

హిమజ ఏడ్చింది. చెంచా డబ్బాలోకి పోయింది. నాకు పండగే.

పండగ నిలవలేదు. మింగడం నేర్పే థెరపిస్టు వచ్చి, రోజూ గడ్డం ఛాతీకి ఆనించి మింగడం సాధన చేయించింది. చివరికి ఒక ఉదయం గడ్డపెరుగు తెమ్మంది. హిమజ డబ్బాలోంచి చెంచా తీసి కాస్త పెట్టింది. అతను మింగాడు. దగ్గు రాలేదు.

"ఉప్పెయ్యలేదేంటే?"

"పెట్టిన చేతికి వంకొకటా!" అని ఆమె నవ్వుతూనే ముక్కు చీదింది.

రోజులు గడిచేకొద్దీ చెంచా పని పెరిగింది, నాది తగ్గింది. ఒక పూట అతను పెరుగు గిన్నె ఊడ్చేశాక, సిస్టరు ప్లాస్టరు ఊడదీసి నన్ను బయటికి లాగింది. గొంతు మలుపులో ఇంకా మిగిలిన కాస్త పెరుగు నా ఒంటికి అంటుకుంది.

ఇప్పుడు ఆసుపత్రి చెత్త వేసే ఎర్ర సంచిలో, వాడేసిన గ్లౌజుల మధ్య ఉన్నాను. ఆ పెరుగు ఇంకా నా మీదే ఉంది. చెంచానైతే ఈపాటికి తోమేసి ఉంటారు.