ఆఖరి బస్సు వెళ్ళాక

బస్సు మలుపు తిరుగుతుండగానే గంట మోగింది. దిగినవాళ్ళు దిగినట్టే గేటు వైపు పరుగెత్తారు. భుజాన సంచులు, చేతిలో అన్నం డబ్బాలు. కాపలా మామ గేటును ఎంత నెమ్మదిగా తోయవచ్చో అంత నెమ్మదిగా తోశాడు. అతను చేయగలిగిన సాయం అదొక్కటే. అయినా సగంమంది బయటే ఉండిపోయారు. మొదటి పీరియడు హాజరు నిన్నా పోయింది, ఇవాళా పోయింది. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

హాస్టలు మేడ గేటుకు లోపలే ఉంది. పై వరండాలో తువ్వాలు ఆరేస్తున్న కుర్రాడొకడు తొంగి చూశాడు.

"ఏం డబ్బాలూ, ఇవాళా లేటేనా?"

"మీకేం పరుపులూ, మంచం మీంచి దొర్లితే క్లాసులో పడతారు," అన్నాడు కింద నుంచి, బస్సు దిగినవాళ్ళలో అందరూ పొడుగన్న అని పిలిచే కుర్రాడు.

ఆ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయం చూసుకునేవాణ్ణి నేను. భార్య పోయాక ఇంట్లో పట్టి ఉంచేవాళ్ళు లేక పెందలాడే వచ్చేవాణ్ణి. రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళను హాస్టలు పిల్లలు డబ్బాలనేవారు. వాళ్ళు వీళ్ళను పరుపులనేవారు. పొడుగన్న, అతని చెల్లెలు ఒకే బస్సులో వచ్చేవారు. చెల్లెలికీ తక్కిన ఆడపిల్లలకూ లోపల చోటు చూపించి, తను ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు.

హాస్టలు పిల్లలే నడిపే విద్యార్థి సంఘం మాత్రం చెడ్డది కాదు. ఫీజుల మీద, మెస్సులో నీళ్ళ మీద గట్టిగానే కొట్లాడింది. కానీ సమ్మె చేసిన ప్రతిసారీ బస్సు పిల్లలు తరగతుల్లో కనిపించేవారు. అది చూపించి అధికారులు సమ్మె విఫలమైందనేవారు. ఒకరోజు ఆ మాట గ్రంథాలయంలోనే వచ్చింది.

"సమ్మె అంటే మీకు లెక్కలేదు," అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"సమ్మె ఉందని మాకెవరు చెప్పారు బాబూ?" అన్నాడు పొడుగన్న.

"మీటింగులో చెప్పాం కదా."

"మీటింగు ఎప్పుడు పెట్టారు?"

"ఎప్పటిలాగే. భోజనాలయ్యాక, మెస్సులో."

"ఆఖరి బస్సు వెళ్ళాక అన్నమాట."

"ఒక్క పూట ఉండిపోతే ఏం పోయింది?"

"ఎక్కడుండేది, నీ మంచం కిందా?"

అందరూ నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. సభ వేళ మాత్రం మారలేదు. అందులో ఎవరి కుట్రా లేదు. హాస్టలు పిల్లలకు తీరిక దొరికే వేళ అది, అంతే.

వాన కురిసిన ఒక ఉదయం బస్సు ఆలస్యమైంది. పిల్లల హాజరు పోతుందని డ్రైవరే తొందరపడ్డాడు. మలుపులో పొడుగన్న చెయ్యి జారింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ రోజు కూడా గేటు గంటకే పడింది.

అధ్యక్షుడు నిజంగానే ఏడ్చాడు. భోజనాలయ్యాక మెస్సులో సంతాపసభ పెట్టాడు. కొవ్వొత్తులు వెలిగించారు, జోహార్లన్నారు. పొడుగన్నతో రోజూ భుజం భుజం రాసుకుని ప్రయాణించినవాళ్ళు ఒక్కరూ ఆ సభలో లేరు.

చెల్లెలు తిరిగి చదువుకు వచ్చిన రోజున తిన్నగా గ్రంథాలయంలో అధ్యక్షుడి బల్ల దగ్గరకు వెళ్ళింది.

"సభ బాగా జరిగిందట."

"అందరం ఏడ్చామమ్మా."

"అందరూ అంటే?"

అతను చదువుతున్న పుస్తకం మూశాడు.

"బతికుంటే మా అన్నయ్య కూడా ఆ సభకి రాలేకపోయేవాడు," అంది. గొంతు పెంచలేదు.

అధ్యక్షుడు లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. "ఎప్పుడు పెట్టమంటావు?" అని అడిగాడు.

"గేటు వేసే వేళకి. గేటు బయట."

మర్నాడు అతను గది గదికీ వెళ్ళి దుప్పట్లు లాగాడు.

"వాళ్ళ బస్సు రాకపోతే మన హాజరెందుకు పోవాలి?" అని ఒకడు గొణిగాడు.

"ఇన్నాళ్ళూ వాళ్ళది పోతుంటే మనం చూస్తూ కూర్చున్నాం కాబట్టి. లే."

కొందరు లేవలేదు. లేచినవాళ్ళే గేటు దాటి రోడ్డు నిండా నిలబడ్డారు. బస్సు వచ్చింది. ఆ రోజు ఎవరూ పరుగెత్తలేదు. గంట మోగింది. కాపలా మామ దిక్కుతోచక చూశాడు.

"వేసెయ్ మామా, నీ ఉద్యోగం నువ్వు చూసుకో," అన్నారు. గేటు పడింది.

"నువ్వు లోపలికెళ్ళాల్సింది," అన్నాడు అధ్యక్షుడు పొడుగన్న చెల్లెలితో. "ఇంకొక్క రోజు పోతే నీకీ ఏడాది పోయినట్టే."

"అన్నయ్యే పోయాడు. ఏడాదెంత?"

ఆమె గేటు పక్క గట్టు ఎక్కింది. "మేం జాలి అడగట్లేదు. బస్సు వచ్చాక పాఠం మొదలుపెట్టండి. ఇంత చిన్న మాట వినిపించుకోక ఒక మనిషిని చంపుకున్నారు." రోడ్డంతా ఆ మాటను తిరిగి పలికింది. బస్సు దిగిన గొంతు ఏది, హాస్టలు గొంతు ఏది అని నాకు తెలియలేదు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చి, ముందు వరసలో ఉన్నవాళ్ళను వ్యానెక్కించారు. సాయంత్రం నేను బిందెతో నీళ్ళు తీసుకుని స్టేషనుకు వెళ్ళాను. కాసేపటికి హాస్టలు వార్డెను వచ్చాడు.

"మా పిల్లలకి నేను పూచీ ఉంటానండి," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

"మంచిది. హాస్టలు వాళ్ళు ఇటు రండి."

ఎవరూ కదల్లేదు.

"మిగతావాళ్ళ మీద కేసు పెడతాను. హాస్టలు వాళ్ళు రండి."

నేల మీద కూర్చున్నవాళ్ళు మరి కాస్త దగ్గరగా జరిగారు.

"ఎవరెవరో మీరే చూపించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు వార్డెనుతో. రోజూ దగ్గరుండి అన్నం పెట్టించే మనిషి. ప్రతి ముఖమూ తెలుసు. వార్డెను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చీకటి పడింది కదండీ. నాకు సరిగ్గా ఆనటం లేదు," అని బయటికి వెళ్ళిపోయాడు.

చెల్లెలు అధ్యక్షుడి వైపు తిరిగింది. "వెళ్ళు అన్నయ్యా. మెస్సు మూసేస్తారు."

"మూయనీ. మీ ఆఖరి బస్సూ వెళ్ళిపోయింది."

అప్పుడు ఏడ్చిందా అమ్మాయి. అన్న పోయాక ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. ఊరుకోమని ఎవరూ అనలేదు. నేను గ్లాసుతో నీళ్ళిచ్చాను. తాగి, పక్కవాళ్ళకు అందించింది.

గ్లాసు చేతులు మారుతూ గది చివరిదాకా వెళ్ళింది. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు.

"ఇవాళ అందరం ఉన్నాం," అన్నాడు. "ఇక సభ మొదలుపెడదాం."