మైనం కారిన ఎముక

"నీకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నావు," అంటూ అత్తయ్య ఎంగిలి కంచాలన్నీ నా వైపు తోసింది. నా తోడికోడలు హాల్లో సోఫా మీద కాలు చాపుకుని కూర్చుంది. ఆమె నోరు తెరవకముందే నా భర్త లేచి మంచినీళ్లు అందించాడు. పన్నెండేళ్ల కాపురంలో నాకెన్నడూ అలా అందించలేదు.

ఆమె జబ్బును మొదట చూసింది నేనే. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి ఆమె కాలు నొప్పి అంటుంటే, పని తప్పించుకోవడానికేనని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆ పోరు పడలేక ఒకరోజు వెంట తీసుకెళ్లాను. తెర మీద బొమ్మ చూడగానే డాక్టరుగారిని పిలిచాను. కొవ్వొత్తి పక్కన మైనం కారి గడ్డకట్టినట్టు, ఆమె కాలి ఎముక పొడవునా అదనపు ఎముక తెల్లగా పేరుకుని ఉంది.

"చాలా అరుదైన జబ్బు. క్యాన్సర్ కాదు, ప్రాణభయం లేదు. నొప్పి మాత్రం నిజం," అన్నారు డాక్టరుగారు.

మామయ్య ఆ ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆమె వంతు పనులు ఎవరూ చెప్పకుండానే నావయ్యాయి.

అసూయతో ఉడికిపోయాను. జబ్బుమనిషిని చూసి కుళ్లుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఆగలేదు. ఆమె నగలు, అందం నాకక్కర్లేదు; ఆ ఎముక కావాలి. ఒక మధ్యాహ్నం తోటి ఉద్యోగినిని బతిమాలి, నా కాళ్లకూ నడుముకూ ఎక్స్‌రేలు తీయించుకున్నాను.

"ఏ లోపమూ లేదే! హాయిగా ఉండు," అందామె.

బాత్రూంలోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ సాయంత్రం తోడికోడలు కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "నా మీద కోపమా, అక్కా?"

"కోపం కాదు, అసూయ. నువ్వు కూర్చోగలుగుతున్నావు," అనేశాను.

ఆమె గట్టును పట్టుకుని నిలబడింది. "తొమ్మిదేళ్లు నొప్పని మొత్తుకున్నాను. నువ్వూ నవ్వావు. ఎక్స్‌రే వచ్చాకే కదా నన్ను నమ్మారు."

సిగ్గేసింది. "తప్పు చేశాను," అన్నాను. స్టవ్ కట్టేసి, ఆమె చేయి పట్టుకుని హాల్లోకి నడిపించి, పక్కనే కూర్చున్నాను.

నా భర్త టీవీ మీంచి చూపు తిప్పాడు. "వంట కాలేదా? ఏం, ఒంట్లో బాగాలేదా?"

"నాకే జబ్బూ లేదు," అన్నాను. "అలిసిపోయాను. ఈ పూట వంట మీరు చేయండి."