నీళ్ళ లెవెల్

మధ్యాహ్నం నమాజు ముగిసేసరికి అరాల్స్క్ ఊళ్ళో తోరెబెక్ తన గేమ్‌ల గది తలుపు తీస్తాడు. టీ కాస్తాడు, రొట్టె తుంచి పంచుతాడు. ఎవరైనా ఆటలో నీళ్ళ లెవెల్‌కి వచ్చారంటే మాత్రం, "కాళ్ళెత్తండ్రోయ్!" అని కేకేస్తాడు. తెరమీద బొమ్మ నీళ్ళలో దిగితే గదిలోకి ఉప్పునీళ్ళు రావడం మామూలే కదా. అందరూ బూట్లు బల్లలమీద పెట్టుకుని మళ్ళీ ఎవరి ఆటలో వాళ్ళు పడతారు. ఆట ఆపితే నీళ్ళూ పోతాయి.

ఉల్దాయ్ పుణ్యమా అని ఆ చలికాలమంతా బూట్లు బల్లలమీదే ఉన్నాయి.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సముద్రం ఎండి ఊరిని విడిచిపోయాక పుట్టింది. పైవాడి దయవల్ల ఈమధ్య కొంత నీరు తిరిగొచ్చింది, చేపలొచ్చాయి, పడవలు కదిలాయి. పడవమీద పనిస్తారా అని ఉల్దాయ్ అడిగితే పడవ పెద్ద ఒక్కటే అన్నాడు: "మంచు కరిగాక రా. దూకి ఈది చూపించు. ఈత రాదా, మీ ఒంటెల దగ్గరే ఉండు." సముద్రమేమో గడ్డకట్టి ఉంది. ఈత నేర్చుకోడానికి ఇక ఈ గదే దిక్కు.

నీళ్ళ లెవెల్ కనిపెట్టినవాడికి అల్లా మంచి బుద్ధి ప్రసాదించుగాక! నేలమీద చిరుతలా దూకే వీరుడు నీళ్ళలో దిగితే తేనెలో పడ్డ ఈగే. ఎడమకి నొక్కితే, కాసేపు ఆలోచించుకుని గానీ కదలడు. పైన ఊపిరి బుడగలు ఒక్కొక్కటే తరిగిపోతుంటాయి. నీళ్ళు గడ్డం దాకా రాగానే ఉల్దాయ్ భయపడి ఆట ఆపేసేది. లేదంటే వాడే చచ్చేవాడు.

"మళ్ళీ చచ్చాడు!" జాయ్‌స్టిక్ బల్లకేసి కొట్టింది.

"చచ్చినవాడి పేరున శుక్రవారం ఏడు రొట్టెలు వేయించాలి," అన్నాడు తోరెబెక్. "వీడి చావులన్నిటికీ వేయిస్తే నా పిండి బస్తా ఖాళీ, తల్లీ!"

పక్క కుర్చీలో కాదిషా ఆపా కారు పందెం ఆడుతోంది. ఒకప్పుడు చేపల ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలావిడ. తెరమీంచి చూపు తిప్పకుండానే, "ఏమే, వాణ్ణి అడుగున నడిపిస్తావెందుకు?" అంది.

"సముద్రంలో నడవక ఏం చేస్తారు ఆపా? నేను ఆ అడుగున నడిచేగా బడికెళ్ళాను!"

గదంతా ఘొల్లుమంది. ఆపా నవ్వలేదు. కారు ఆపింది.

"పాపం, మీ కాలం పిల్లలకి సముద్రమంటే నేలే. ఆ మట్టిని వదలవే పిల్లా. బిస్మిల్లా అనుకుని వదిలెయ్."

"మునిగిపోతే?"

"జుట్టు పట్టుకుని లాగుతా. నేనెందుకున్నా?"

ఉల్దాయ్ బిస్మిల్లా అంది. మిగతావాళ్ళు టీ గ్లాసులు పైకెత్తి బల్లలెక్కారు. నీళ్ళు ఆమె గడ్డం దాటాయి, కళ్ళు దాటాయి. ఈసారి ఆట ఆపలేదు. మడమలు నేలని వదిలాయి. జాయ్‌స్టిక్ ఎప్పుడు చేజారిందో! తెరమీద వీరుడు ఇంకోసారి పోయాడు. ఆమె మాత్రం కుర్చీల మీదుగా తేలుతూ, తోరెబెక్ మోకాళ్ళని తప్పించుకుంటూ, గోడదాకా వెళ్ళింది.

"కప్పలా తన్నవే, కప్పలా!" ఆపా బల్లమీంచి అరుస్తోంది.

ఏప్రిల్‌లో పడవ పెద్ద పడవని లోతుకి తీసుకెళ్ళి, "ఊఁ," అన్నాడు. ఉల్దాయ్ దూకింది. చలి ఎముకల్ని కొరికింది. కాళ్ళు అడుగు కోసం వెతకబోయాయి. వెతకనివ్వలేదు. పడవ కిందినుంచి ఈది అవతలివైపు తేలింది.

పడవ పెద్ద ఇటు చూశాడు, అటు చూశాడు. చెయ్యిచ్చి పైకి లాగి, తన కోటు విప్పి ఆమెమీదకి విసిరాడు.

"వణుకుతూ నిలబడకు. ఆ చివర వల పట్టుకో."