అవసరం లేని సీను

కుముదిని నవలల్ని పెద్దమనుషులు అటక మీద దాచుకుని చదివేవాళ్ళు, సభల్లో ఛీ అనేవాళ్ళు. ఆమెది తెనాలి. మూడో నవలని మద్రాసు కోడంబాక్కంలో సినిమాగా తీస్తున్నారు. అందులో భార్య, చావగొట్టే మొగుణ్ణి బావిలోకి తోసి, ఇంట్లోకొచ్చి పెరుగన్నం కలుపుకుని తింటుంది. ఏడవదు. మొదటి రెండు నవలల సినిమాల్లోనూ ఆమె రాసిన ఆడవాళ్ళ చేత ఆఖర్న మొగుడి కాళ్ళు పట్టించారు. ఈసారి ఆ పెరుగన్నం ఉంటుందని మాట తీసుకున్నాకే నవల ఇచ్చింది. ఇచ్చి, రోజూ సెట్టుకొచ్చి కాపలా కూర్చుంది. ఎవరు నవ్వినా అనుమానమే. కాఫీలో చక్కెర ఎక్కువైనా అనుమానమే.

ఆ మధ్యాహ్నం ప్రొడక్షన్ మేనేజరు దొరస్వామి డైరెక్టరుతో అంటున్న మాట చెవిన పడింది.

"ఆ పెరుగన్నం సీను అవసరం లేదు సార్."

కుముదిని దిగ్గున లేచింది. "ఏవయ్యా దొరస్వామీ! ఎవరికి అవసరం లేదు? నీకా, మీ ప్రొడ్యూసరుకా?"

"అయ్యో, ఏమమ్మా అట్ల అరస్తా ఉండారు? అవసరమంటే ఈడ తొందర. అరవంలో అంతే గదా! తొందర లేదు, మెల్లిగా తీస్తామని చెప్పినా. మీ తెనాలి అర్థం మాకేం తెలుసు?"

సెట్టంతా నవ్వింది. కుముదిని ముఖం ఎర్రబడింది. కూర్చోబోయి ఆగింది.

"మెల్లిగా అంటే ఎప్పుడు?"

దొరస్వామి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సెన్సారువాళ్ళు పడం చూసినాక..."

"అప్పటికి సినిమా అయిపోదూ? ఇంక తీసేదేంటి, నా తలకాయా?"

నవ్వులు ఆగాయి. మాట విషయంలో ఆమె పొరబడింది. మోసం విషయంలో పొరబడలేదు.

"ఇప్పుడే తియ్యండి" అని వెళ్ళి వంటింటి సెట్టులో పీట మీద బైఠాయించింది.

హీరోయిన్ వరదలక్ష్మి ముందుకొచ్చింది. "లేవండక్కా, అది నా పీట. గ్లిజరిన్ పోసి పోసి కండ్లు మండిపోతా ఉండాయి. ఒక్క పడంలో అన్నా ఏడవకుండా తింటా."

డైరెక్టరు దొరస్వామి వైపొకసారి చూసి తలూపాడు. లైట్లు వెలిగాయి. కంచం వచ్చింది. ఇంత సులువుగానా? కుముదిని నేరుగా కెమెరామాన్ పళని దగ్గరికి నడిచింది.

"లోపల ఫిలిం ఉందా?"

పళని దొరస్వామి మొహం చూశాడు.

వరదలక్ష్మి నోటిదాకా తెచ్చిన ముద్దను కంచంలో పడేసింది. "ఓహో! ఉత్త కెమెరా ముందర నా చేత తినిపిస్తా ఉండారా? ఫిలిం వేసినాకే పిలవండి. అందాకా ఏ సీనూ చెయ్యను."

దొరస్వామి తల దించుకుని చెయ్యి ఊపాడు. పళని ఫిలిం పెట్టె తేవడానికి బయల్దేరాడు.

కుముదిని అతని వెనకే నడిచింది.